డాక్ అవుట్‌పుట్‌ను 10 వోల్టుల దాకా తీసుకెళ్లి, కచ్చితంగా నిలబెట్టడం ఎలా?

మైక్రోకంట్రోలర్‌కు డాక్ (డీఏసీ, అంటే అంకెల కోడ్‌ను వోల్టేజీగా మార్చే చిప్) తగిలించారు. కోడ్ పంపితే వోల్టేజీ వస్తోంది. కానీ మీకు కావాల్సింది 0 నుంచి 10 వోల్టులు, వస్తున్నదేమో 3.3 దగ్గరే ఆగిపోతోంది. పైగా లెక్క ప్రకారం 2.000 రావాల్సిన చోట మీటర్ 2.03 చూపిస్తోంది. ఈ రెండు చిక్కులనూ ఒకే సర్క్యూట్‌లో తీర్చుకోవచ్చు. అయితే వరస తప్పకూడదు: ముందు రేంజ్, ఆ తర్వాత రిఫరెన్స్ (డాక్ కొలతకు ఆధారంగా తీసుకునే స్థిర వోల్టేజీ), రెసిస్టర్లు, వైరింగ్, అన్నిటికీ చివర క్యాలిబ్రేషన్ (మీటర్‌తో కొలిచి లెక్క సరిదిద్దుకోవడం). చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. కచ్చితత్వం రాలేదనగానే 16 బిట్ల చిప్ కొనేస్తారు. తప్పు మాత్రం అంతే ఉంటుంది, కాకపోతే ఇంకా సన్నని మెట్లతో కనిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. డాక్ సర్క్యూట్‌లో తప్పులు రెండు రకాలు: క్యాలిబ్రేషన్‌తో పోయేవి, పోనివి. మొదటి రకానికి సాఫ్ట్‌వేర్‌లో నాలుగు లైన్లు చాలు. డబ్బు ఖర్చు పెట్టాల్సింది రెండో రకం మీదే. కింద ఏ భాగం ఎంచుకున్నా ఈ లెక్కతోనే ఎంచుకుంటాం.

1. ఎంత తప్పు ఓర్చుకోగలరో ముందే రాసుకోండి

కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: ఎక్కడి నుంచి ఎక్కడికి రేంజ్ కావాలి, ఎన్ని మిల్లీవోల్టుల తప్పు పరవాలేదు, చుట్టూ ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు మారుతుంది, అవుట్‌పుట్ ఎంత వేగంగా మారాలి. ఈ వ్యాసం అంతా ఒకే ఉదాహరణ మీద నడుపుదాం: 0 నుంచి 10 వోల్టులు, తప్పు 10 మిల్లీవోల్టులు దాటకూడదు, ఉష్ణోగ్రత 30 డిగ్రీల దాకా మారవచ్చు, వేగం పెద్దగా అక్కర్లేదు.

10 వోల్టుల్లో 10 మిల్లీవోల్టులంటే 0.1 శాతం, అంటే 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు). 12 బిట్ల డాక్‌లో ఒక మెట్టు మొత్తం రేంజ్‌లో 4096వ వంతు, సుమారు 244 పీపీఎం. కాబట్టి ఈ పనికి 12 బిట్లు సరిపోతాయి. 16 బిట్లలో మెట్టు 15 పీపీఎమే. వినడానికి బాగుంటుంది కానీ ఆ స్థాయిలో రిఫరెన్స్, రెసిస్టర్లు, మీటర్ అన్నీ దానికి తగ్గట్టు ఉండాలి. లేకపోతే ఆ చివరి నాలుగు బిట్లు ఉన్నా లేనట్టే.

డేటాషీట్‌లో నాలుగు పేర్లు తరచూ కనిపిస్తాయి. ఏ కోడ్‌కు ఎంత వోల్టేజీ వస్తుందో గీత గీస్తే, ఆ గీత మొత్తం పైకో కిందకో జరిగితే ఆఫ్‌సెట్ ఎర్రర్. గీత వాలు మారితే గెయిన్ ఎర్రర్. ఈ రెండూ క్యాలిబ్రేషన్‌తో పోతాయి. గీత మధ్యలో వంగితే ఐఎన్ఎల్. దీన్ని టేబుల్ పెట్టి చాలావరకు సర్దవచ్చు. పక్కపక్క మెట్ల ఎత్తుల్లో తేడా వస్తే డీఎన్ఎల్. ఇది చిప్‌తో పాటే వచ్చే గుణం, మీరు చేయగలిగింది తక్కువ. ఐదోది ఉష్ణోగ్రతతో వచ్చే డ్రిఫ్ట్, అంటే విలువ జరిగిపోవడం. అసలు తలనొప్పి అదే.

2. ఉన్న చిప్ నిజంగా ఎంత ఇస్తుందో చూడండి

"3.3 వోల్టుల సప్లై, కాబట్టి 0 నుంచి 3.3 వస్తుంది" అనుకుంటే దెబ్బ తింటారు. ఆర్డుయినో డ్యూ బోర్డులోని డాక్ 0.55 నుంచి 2.75 వోల్టుల మధ్యే తిరుగుతుంది. ఎస్టీఎం32 చిప్పుల లోపలి డాక్‌కు అవుట్‌పుట్ బఫర్ (లోడ్‌కు కరెంట్ అందించే యాంప్లిఫయర్) ఆన్ చేస్తే రెండు కొసల్లోనూ 0.2 వోల్టుల మేర నమ్మకం ఉండదు. ఆ బఫర్ ఆఫ్ చేసి, బయట మంచి ఆప్-యాంప్ (వోల్టేజీని పెంచే యాంప్లిఫయర్ చిప్) పెట్టుకుంటే కొసలకు ఇంకా దగ్గరగా వెళ్లవచ్చు. ఈఎస్పీ32 లోపలి డాక్ 8 బిట్లే, అంటే ఒక్కో మెట్టు సుమారు 13 మిల్లీవోల్టులు. మన 10 మిల్లీవోల్టుల లక్ష్యానికి అది మొదటి అడుగులోనే పనికిరాదు.

ఎంసీపీ4725 చాలా మందికి తెలిసిన చిప్. 12 బిట్లు, రెండు తీగల మీద నడుస్తుంది, వాడటం తేలిక. కానీ దానికి విడిగా రిఫరెన్స్ పిన్ లేదు. సప్లై వోల్టేజీనే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు ఏదో లోడ్ పడి 4.8కి దిగాయనుకోండి, మీ అవుట్‌పుట్ కూడా 4 శాతం పడిపోతుంది. అంటే దాదాపు 164 మెట్లు. దీనికి ఎంత క్యాలిబ్రేషన్ చేసినా వృథా, ఎందుకంటే కొలిచిన గంటకే సప్లై మారిపోవచ్చు. ఈ చిప్‌నే వాడాలని ఉంటే దాని సప్లై పిన్‌కు విడిగా ఒక స్థిరమైన వోల్టేజీ ఇవ్వండి.

మన ఉదాహరణకు ఎంసీపీ4921 తీసుకుందాం. 12 బిట్లు, ఎస్పీఐ (మైక్రోకంట్రోలర్ నుంచి కోడ్ తెచ్చే సీరియల్ తీగలు), రిఫరెన్స్ పిన్ బయటికి ఉంది. చిప్‌కు 5 వోల్టుల సప్లై, రిఫరెన్స్ పిన్‌కు 4.096 వోల్టులు. అంకె వింతగా కనిపించినా అది కావాలని ఎంచుకున్నదే: 4096 మెట్లకు 4.096 వోల్టులు, అంటే మెట్టుకు సరిగ్గా 1 మిల్లీవోల్టు. కోడ్ చూస్తేనే వోల్టేజీ తెలిసిపోతుంది.

3. గెయిన్ కొంచెం ఎక్కువే పెట్టండి

డాక్ అవుట్‌పుట్‌ను ఆప్-యాంప్ నాన్-ఇన్వర్టింగ్ (ప్లస్ గుర్తున్న) పిన్‌కు ఇవ్వండి. అవుట్‌పుట్ నుంచి ఇన్వర్టింగ్ (మైనస్ గుర్తున్న) పిన్‌కు కలిపేది ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్, ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కు కలిపేది గ్రౌండ్ రెసిస్టర్. గెయిన్, అంటే వోల్టేజీ ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది, 1 ప్లస్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను గ్రౌండ్ రెసిస్టర్‌తో భాగిస్తే వచ్చే విలువ. 4.096ను 10 చేయడానికి 2.44 గెయిన్ చాలు కదా అని అక్కడే ఆగకండి. రెసిస్టర్లు ఒక శాతం అటూ ఇటూ అయితే పై కొస 9.9 దగ్గరే ఆగిపోవచ్చు. పైకి అందని వోల్టేజీని సాఫ్ట్‌వేర్ సృష్టించలేదు. కొంచెం ఎక్కువ వస్తే మాత్రం చిన్న కోడ్ పంపి తగ్గించుకోవచ్చు. కాబట్టి ఎప్పుడూ రెండు మూడు శాతం మిగులు ఉంచుకోండి.

ఫీడ్‌బ్యాక్‌లో 15 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు పెడితే గెయిన్ 2.5. పై కొస 10.24 వోల్టులు, మెట్టు 2.5 మిల్లీవోల్టులు, 10.000 వోల్టులకు కోడ్ సరిగ్గా 4000. మిగిలిన 95 కోడ్‌లు మీ భద్రత.

ఇప్పుడు ఆప్-యాంప్ సప్లై సంగతి. ఎల్ఎం358 అనే ఆప్-యాంప్ అవుట్‌పుట్ పై సప్లై కంటే సుమారు 1.5 వోల్టుల కిందే ఆగుతుంది. 12 వోల్టులు ఇస్తే 10.5 దాకా వస్తుందని లెక్క, కానీ అడాప్టర్ 11.4 ఇస్తే పని చెడుతుంది. 15 వోల్టులు ఇవ్వండి. లేదా రైల్-టు-రైల్ (సప్లై రెండు కొసల దగ్గరి దాకా వెళ్లే) అవుట్‌పుట్ ఉన్న ఆప్-యాంప్ తీసుకోండి.

అసలు చిక్కు కింది కొసలో ఉంది. సింగిల్ సప్లై మీద నడిచే ఏ ఆప్-యాంప్ కూడా నిజమైన సున్నాకు దిగదు. "రైల్-టు-రైల్" అని రాసి ఉన్నా సరే, కొన్ని మిల్లీవోల్టుల దగ్గర ఆగుతుంది. ఎల్ఎం358 అయితే 5 నుంచి 20 మిల్లీవోల్టులు మిగల్చవచ్చు. మన మెట్ల లెక్కలో అది 8 కోడ్‌ల దాకా. మీరు 0, 1, 2, 3 ఏది పంపినా మీటర్ కదలదు. కింది కొసను వాడని పరికరమైతే దీన్ని వదిలేయండి, సమయం ఖర్చు పెట్టే విషయం కాదు. సున్నా తప్పనిసరైతే ఆప్-యాంప్‌కు చిన్న నెగటివ్ సప్లై ఇవ్వాలి. 5 వోల్టుల నుంచి మైనస్ 5 తయారుచేసే ఐసీఎల్7660 లాంటి చిప్ చాలు. 5 వోల్టుల ఆప్-యాంప్‌లకైతే ఎల్ఎం7705 అనే చిప్ ఉంది, అది మైనస్ 0.23 వోల్టులే ఇస్తుంది, సరిగ్గా ఈ పనికోసం చేసినదే.

ఇక్కడితో కూడా అయిపోలేదు. డాక్ చిప్ లోపల కూడా ఒక అవుట్‌పుట్ యాంప్లిఫయర్ ఉంటుంది. అది కూడా 10 మిల్లీవోల్టుల కింద నమ్మదగ్గది కాదు, 2.5 రెట్లు పెంచితే అదే 25 అవుతుంది. దీనికి ఒక చక్కని చిట్కా ఉంది. ఆప్-యాంప్ ఇన్వర్టింగ్ పిన్ నుంచి 4.096 వోల్టుల రిఫరెన్స్‌కు 620 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలపండి. కోడ్ 0 దగ్గర అవుట్‌పుట్ దాదాపు మైనస్ 0.1 వోల్టుకు దిగుతుంది. పై కొసలో డాక్ వోల్టేజీ, రిఫరెన్స్ రెండూ దాదాపు సమానం కాబట్టి ఆ రెసిస్టర్‌లో కరెంట్ ఉండదు, 10.24 అలాగే ఉంటుంది. ఇప్పుడు నిజమైన సున్నా కోడ్ 39 దగ్గర వస్తుంది. అక్కడ డాక్ హాయిగా పనిచేసే చోటే. ఒక్క రెసిస్టర్‌తో ఇంత లాభం ఈ సర్క్యూట్‌లో ఇంకెక్కడా రాదు. అయితే ఆప్-యాంప్‌కు నెగటివ్ సప్లై ఉంటేనే ఇది పనిచేస్తుందని మరవకండి.

4. ప్లస్, మైనస్ రెండూ కావాలంటే

పై చిట్కానే పెద్దది చేస్తే సరి. ఫీడ్‌బ్యాక్‌లో 30 కిలో ఓమ్‌లు, ఇన్వర్టింగ్ పిన్ నుంచి రిఫరెన్స్‌కు 12 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కు 20 కిలో ఓమ్‌లు పెట్టండి. డాక్ వోల్టేజీకి గెయిన్ 5 అవుతుంది, దాన్నుంచి 10.24 తీసివేత. కోడ్ 0 దగ్గర మైనస్ 10.24, కోడ్ 2048 దగ్గర సున్నా, పై కొసలో దాదాపు ప్లస్ 10.24. మెట్టు 5 మిల్లీవోల్టులు. ఆప్-యాంప్‌కు ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై కావాలి. రిఫరెన్స్ మీద పడే లోడ్ కోడ్‌తో పాటు మారుతుంది కాబట్టి దానికి ఒక బఫర్ పెట్టండి.

ఇందులో ఒక చిన్న మెలిక: సున్నా వోల్టులు మధ్య కోడ్ దగ్గర పడుతుంది. 2047 నుంచి 2048కి వెళ్లేటప్పుడు అన్ని బిట్లూ ఒకేసారి తిరగబడతాయి. చాలా డాక్‌లలో పెద్ద గ్లిచ్ (క్షణకాలం వోల్టేజీ ఎగిరిపడటం) వచ్చేది అక్కడే. సున్నా దగ్గర నెమ్మదిగా కదిలే మోటర్ లాంటిది నడుపుతుంటే ఆ జర్క్ తెలుస్తుంది. 6వ అంశంలో చెప్పే ఫిల్టర్ దీన్ని చాలావరకు మింగేస్తుంది.

5. రిఫరెన్స్, రెసిస్టర్లు: డబ్బు ఇక్కడ పెట్టండి

రిఫరెన్స్ కొనేటప్పుడు అందరూ మొదట చూసేది "0.1 శాతం" అనే అంకె. నిజానికి అది మొదటి రకం తప్పు. ఒకసారి కొలిచి సర్దేస్తే పోతుంది. చూడాల్సింది దాని పక్కనున్న పీపీఎం పర్ డిగ్రీ. ఎల్ఎం4040 మంచి గ్రేడ్ కూడా డిగ్రీకి 100 పీపీఎం దాకా జరగవచ్చు. 30 డిగ్రీలకు అది 3000 పీపీఎం, మన 10 వోల్టుల దగ్గర 30 మిల్లీవోల్టులు. మొత్తం బడ్జెట్‌కు మూడు రెట్లు ఒక్క భాగమే తినేసింది. అదే ఆర్ఈఎఫ్5040 హై గ్రేడ్ డిగ్రీకి 3 పీపీఎం. 30 డిగ్రీలకు 0.9 మిల్లీవోల్టు. తేడా కళ్ల ముందే ఉంది.

రెసిస్టర్లదీ అదే కథ. గెయిన్ రెసిస్టర్లు 1 శాతం, డిగ్రీకి 100 పీపీఎం మామూలు రకం అనుకోండి. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి జరిగితే నిష్పత్తి డిగ్రీకి 200 పీపీఎం మారుతుంది. మన గెయిన్ 2.5లో నిష్పత్తి వాటా 1.5 కాబట్టి గెయిన్ మీద పడేది 120 పీపీఎం. 30 డిగ్రీలకు 3600 పీపీఎం, అంటే 10 వోల్టుల దగ్గర 36 మిల్లీవోల్టులు. 14 మెట్లు! అదే 10 పీపీఎం రెసిస్టర్లయితే 3.6 మిల్లీవోల్టులతో సరి. రెండు రెసిస్టర్లూ ఒకే ప్యాకేజీలో ఉండే నెట్‌వర్క్ దొరికితే ఇంకా మంచిది. రెండూ కలిసి వేడెక్కుతాయి, కలిసి చల్లబడతాయి. విలువలు మారినా నిష్పత్తి పెద్దగా మారదు, మనకు కావాల్సింది నిష్పత్తే.

ఇలా చూస్తే ఆప్-యాంప్ మీద వేసే నింద చాలావరకు అన్యాయం. ఎల్ఎం358 ఆఫ్‌సెట్ 7 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చు, 2.5 రెట్లంటే 17.5. భయపెట్టే అంకే. కానీ అది కదలకుండా కూర్చునే తప్పు, క్యాలిబ్రేషన్‌తో పోతుంది. దాని డ్రిఫ్ట్ మామూలుగా డిగ్రీకి 7 మైక్రోవోల్టులు, 30 డిగ్రీలకు అవుట్‌పుట్‌లో అర మిల్లీవోల్టు. మన 12 బిట్ల పనికి అది అడ్డు కాదు. 16 బిట్లకు వెళ్తే మెట్టు 0.156 మిల్లీవోల్టే కాబట్టి అప్పుడు ఓపీఏ188 లాంటి జీరో-డ్రిఫ్ట్ రకం కావాలి. దాని ఆఫ్‌సెట్ 25 మైక్రోవోల్టులు దాటదు, డ్రిఫ్ట్ దాదాపు లేనట్టే.

వోల్టేజీ రెగ్యులేటర్ వేడెక్కేదైతే రిఫరెన్స్‌కూ, గెయిన్ రెసిస్టర్లకూ దూరంగా పెట్టండి. మంచి రిఫరెన్స్ కొని దాన్ని హీట్‌సింక్ పక్కన కూర్చోబెట్టిన బోర్డులు తక్కువేం లేవు.

6. వైరింగ్, లోడ్, ఫిల్టర్

డాక్‌కూ, రిఫరెన్స్‌కూ సప్లై పిన్ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కొంచెం దూరంలో 10 మైక్రోఫారడ్ పెట్టండి. ఎస్పీఐ తీగలు అవుట్‌పుట్ తీగ పక్కనుంచి పోకూడదు. రిలేలు, మోటర్ల గ్రౌండ్ కరెంట్ డాక్ గ్రౌండ్ దారిలో ప్రవహించకూడదు. గ్రౌండ్ తీగలో పది మిల్లీవోల్టులు పడితే అది నేరుగా మీ అవుట్‌పుట్‌లో కలుస్తుంది, ఏ చిప్ దాన్ని సరిదిద్దలేదు. బ్రెడ్‌బోర్డు మీద లెక్కలు సరిచూసుకోవడం వరకే. మిల్లీవోల్టుల పని దాని మీద పెట్టుకోకండి, కాంటాక్టులు ముట్టుకుంటే చాలు రీడింగ్ మారుతుంది.

షార్ట్ అయితే ఆప్-యాంప్ కాలిపోకుండా అవుట్‌పుట్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. మంచిదే, కానీ ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. లోడ్ 10 కిలో ఓమ్‌లయితే 10 వోల్టుల దగ్గర కరెంట్ 1 మిల్లీయాంపియర్, ఆ రెసిస్టర్‌లో 100 మిల్లీవోల్టులు పోతాయి. 40 మెట్లు గల్లంతు. ఫీడ్‌బ్యాక్ తీగను ఆ రెసిస్టర్ తర్వాత నుంచి, అంటే అవుట్‌పుట్ టెర్మినల్ నుంచి తీసుకోండి. అప్పుడు ఆప్-యాంప్ ఆ నష్టాన్ని తనే పూడ్చుకుంటుంది. అయితే పొడవాటి కేబుల్ కెపాసిటెన్స్ వల్ల ఆప్-యాంప్ ఆసిలేట్ అయ్యే (దానంతటదే వేగంగా ఊగిసలాడే) ప్రమాదం ఉంది. ఆప్-యాంప్ అవుట్‌పుట్ పిన్ నుంచి నేరుగా ఇన్వర్టింగ్ పిన్‌కు 100 పికోఫారడ్‌ల చుట్టుపక్కల కెపాసిటర్ పెట్టి, స్కోప్‌లో (ఆసిలోస్కోప్‌లో) చూసి సర్దుకోండి. స్కోప్ లేకుండా ఈ పని తేల్చవద్దు. మీటర్‌కు ఆసిలేషన్ కనిపించదు, ఏదో చిన్న డీసీ తప్పులా చూపిస్తుంది, మీరేమో రెసిస్టర్లు మారుస్తూ కూర్చుంటారు.

వేగం అక్కర్లేదన్నాం కదా. డాక్‌కూ ఆప్-యాంప్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్‌తో ఫిల్టర్ పెట్టండి. కటాఫ్, అంటే ఫిల్టర్ అడ్డుకోవడం మొదలుపెట్టే హద్దు, సుమారు 16 హెర్ట్జ్. గ్లిచ్‌లు, డిజిటల్ గోల అన్నీ అక్కడే ఆగుతాయి. దీనికి చెల్లించాల్సిన ధర: రేంజ్ అంతటా ఒక్కసారిగా మారితే అర మెట్టు లోపలికి చేరడానికి తొమ్మిది టైమ్ కాన్‌స్టంట్‌లు (రెసిస్టర్‌ను కెపాసిటర్‌తో గుణిస్తే వచ్చే సమయం, ఇక్కడ 10 మిల్లీసెకన్లు), అంటే 90 మిల్లీసెకన్లు పడుతుంది. క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు ఈ ఆగుబాటు గుర్తుంచుకోండి.

7. క్యాలిబ్రేషన్

ముందు మీటర్ సంగతి తేల్చుకోండి. 0.5 శాతం మీటర్ 10 వోల్టుల దగ్గర 50 మిల్లీవోల్టులు అటూ ఇటూ చూపించవచ్చు. దానితో 10 మిల్లీవోల్టుల క్యాలిబ్రేషన్ చేయడం కుదరని పని. మీ లక్ష్యం కంటే కనీసం నాలుగు రెట్లు మెరుగైన మీటర్ కావాలి. మనకు 0.025 శాతం లోపు. సొంతంగా లేకపోతే ఒక పూట అరువు తెచ్చుకున్నా చాలు, ఎందుకంటే ఇది రోజూ చేసే పని కాదు.

సర్క్యూట్‌ను అరగంట ఆన్‌లో ఉంచండి. అసలు లోడ్ తగిలించే ఉంచండి. ఇప్పుడు రెండు బిందువుల దగ్గర కొలవాలి, కానీ 0, 4095 దగ్గర కాదు. కొసల్లో యాంప్లిఫయర్లు సరిగ్గా నడవవని చూశాం. అక్కడ కొలిస్తే ఆ లోపం మొత్తం గీతకు అంటుకుంటుంది. 200, 3800 తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని ఇక్కడ 620 కిలో ఓమ్‌ల రెసిస్టర్ లేని సర్క్యూట్ అనుకోండి.

కోడ్ 200కు 0.5000 రావాలి, మీటర్ 0.5085 చూపింది. కోడ్ 3800కు 9.5000 రావాలి, 9.5472 చూపింది.

వోల్టేజీల తేడా 9.0387, కోడ్‌ల తేడా 3600. భాగిస్తే అసలు మెట్టు 2.51075 మిల్లీవోల్టులు. 200 మెట్లకు 0.50215 వోల్టులు కావాలి, కొలిచింది 0.5085, కాబట్టి ఆఫ్‌సెట్ 6.35 మిల్లీవోల్టులు. ఇక ఏ వోల్టేజీ కావాలన్నా అందులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, అసలు మెట్టుతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించండి.

5 వోల్టులు కావాలనుకోండి. క్యాలిబ్రేషన్ లేకుండా కోడ్ 2000 పంపితే 5.0279 వస్తుంది, 28 మిల్లీవోల్టుల తప్పు. పై లెక్కతో 1988.91 వస్తుంది, సవరిస్తే 1989. దానికి వచ్చేది 5.0002. ఒక్క రూపాయి భాగం మార్చకుండా ఇంత.

ఈ లెక్క 32 బిట్ల ఫ్లోట్‌లో చేస్తే ఏ ఇబ్బందీ లేదు. పూర్ణాంకాలతోనే చేయాలంటే యూనిట్ చూసుకోండి: 10 వోల్టులను నానోవోల్టుల్లో రాస్తే 1000 కోట్లు, అది 32 బిట్లలో పట్టదు. 10 నానోవోల్టులు ఒక యూనిట్ అనుకుంటే 100 కోట్లు, హాయిగా పడుతుంది. భాగించే ముందు మెట్టులో సగం కలపండి, లేకపోతే ఎప్పుడూ కిందికే సవరిస్తుంది. కోడ్ 0 కంటే తగ్గకుండా, 4095 దాటకుండా చెక్ కూడా పెట్టండి. ఈ చెక్ లేక 4096 పంపితే పై బిట్ ఊడిపోయి అవుట్‌పుట్ ఒక్కసారిగా సున్నాకు పడుతుంది.

8. ఇప్పుడు బడ్జెట్ కూడి చూడండి

రెసిస్టర్ల నుంచి 3.6 మిల్లీవోల్టులు, రిఫరెన్స్ నుంచి 0.9, సవరింపు వల్ల అర మెట్టు 1.25. ఐఎన్ఎల్ మామూలుగా 2 మెట్లు, అంటే 5. అన్నీ ఒకేసారి ఒకే వైపు జరిగితే 10.75, లక్ష్యం దాటిపోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 6.4 వస్తుంది, అది లోపలే. ఏ పద్ధతిలో కూడినా పెద్ద వాటా ఐఎన్ఎల్‌దే. 2 మెట్లన్నది మామూలు విలువ మాత్రమే, చేతికొచ్చిన చిప్ ఇంకా ఎక్కువ వంగి ఉండవచ్చు. కాబట్టి తర్వాతి మెరుగు అక్కడే చేయాలి.

ప్రతి 256 కోడ్‌లకు ఒక చోట వోల్టేజీ కొలవండి. సుమారు 17 బిందువులు వస్తాయి, కొసల్లో ఉన్న రెండింటినీ కాస్త లోపలికి జరపండి. వాటిని టేబుల్‌గా దాచి, రెండు బిందువుల మధ్య సరళరేఖ వేసి కోడ్ లెక్కించండి. ఐఎన్ఎల్ వంపు నెమ్మదిగా తిరిగేదైతే తప్పు మెట్టు దరిదాపుల్లోకి వస్తుంది. మెట్టు మెట్టుకూ ఎగుడుదిగుడుగా ఉంటే టేబుల్ ఏమీ చేయలేదు, అప్పుడు చిప్పే మార్చాలి.

9. మెట్టు కంటే సన్నగా కావాలంటే

కొందరికి 2.5 మిల్లీవోల్టుల మెట్టు ముతకగా అనిపిస్తుంది. రెండు డాక్‌లు కలిపి ఒకటి పెద్ద మెట్లకు, ఒకటి చిన్న మెట్లకు వాడదామనే ఆలోచన వెంటనే వస్తుంది. నేనైతే వద్దంటాను. పెద్ద డాక్ ఒక మెట్టు మారినప్పుడు దాని లోపం చిన్న డాక్ రేంజ్ కంటే ఎక్కువ ఉండవచ్చు. కోడ్ పెంచితే వోల్టేజీ తగ్గే వింత కనిపిస్తుంది. పక్కన 24 బిట్ల ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే చిప్) పెట్టి కొలుస్తూ సరిచేసుకునే లూప్ ఉంటేనే అది పనికొస్తుంది.

దానికంటే డిథరింగ్, అంటే పక్కపక్క కోడ్‌లను మార్చి మార్చి పంపి సగటు రాబట్టడం, తేలిక. పై లెక్కలో కావాల్సింది 1988.91. ప్రతి 16 అప్‌డేట్‌లలో 15 సార్లు 1989, ఒకసారి 1988 పంపండి. సగటు 1988.94 అవుతుంది. సెకనుకు 10,000 అప్‌డేట్‌లు పంపితే ఆ మార్పు 625 హెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది, మన 16 హెర్ట్జ్ ఫిల్టర్ దాన్ని దాదాపు 40 రెట్లు తగ్గిస్తుంది. 2.5 మిల్లీవోల్టుల మెట్టు 0.07 మిల్లీవోల్టు కంటే చిన్న అలలా మిగులుతుంది. భిన్నాన్ని అక్యుములేటర్‌లో కూడుతూ, నిండినప్పుడల్లా పై కోడ్ పంపితే పంపకం దానంతటదే సమంగా పడుతుంది. దీనితో పెరిగేది రిజల్యూషన్ మాత్రమే. రిఫరెన్స్ జరిగితే ఈ సన్నని మెట్లు కూడా దానితో పాటే జరుగుతాయి.

10. దాచడం, మళ్లీ చూడటం

మెట్టు, ఆఫ్‌సెట్, టేబుల్ అన్నీ ఈఈప్రామ్‌లో (పవర్ పోయినా చెరగని మెమరీలో) చెక్‌సమ్‌తో (డేటా చెడిందో లేదో తేల్చే అంకెతో) సహా రాయండి. చెక్‌సమ్ తప్పితే ప్రోగ్రామ్ మామూలు 2.5 మిల్లీవోల్టుల లెక్కకు తిరిగి వెళ్లాలి, ఎర్రర్ లైట్ వెలగాలి. ఒకటి కంటే ఎక్కువ బోర్డులు చేస్తుంటే ఒకదాని విలువలు ఇంకొకదానికి ఎక్కకుండా బోర్డు నంబర్ కూడా అందులోనే దాచండి.

పవర్ ఆన్ చేసిన క్షణంలో, ప్రోగ్రామ్ మొదటి కోడ్ పంపే లోపు అవుట్‌పుట్ ఎక్కడుంటుందో స్కోప్‌లో ఒకసారి చూడండి. డాక్ అవుట్‌పుట్ అప్పుడు గాల్లో ఉంటే (ఏ వోల్టేజీకీ కట్టుబడకపోతే) దాన్నుంచి గ్రౌండ్‌కు, ఫిల్టర్ రెసిస్టర్‌కు ముందు వైపున, 100 కిలో ఓమ్‌లు కలపండి. ఆ రెసిస్టర్ పెట్టాక క్యాలిబ్రేషన్ ఇంకోసారి చేయాలి. చివరగా బోర్డును వేడిలోనూ, చల్లగానూ ఒక్కో గంట ఉంచి 0.5, 5, 9.5 వోల్టుల దగ్గర కొలవండి. మూడూ ఒకే శాతంలో జరిగితే రిఫరెన్స్‌నో, గెయిన్ రెసిస్టర్లనో పట్టుకోండి. మూడూ ఒకే మిల్లీవోల్టుల్లో జరిగితే ఆప్-యాంప్‌నో, గ్రౌండ్ తీగనో చూడండి.